గల్లా దిగని ఓనరు

రాత్రి తొమ్మిదిన్నర. షట్టరు సగానికి దిగింది. కుర్రాళ్లు వెళ్లిపోయారు. ఇక ఓనరుగారి రెండో డ్యూటీ మొదలు. కడ్డీకి గుచ్చిన బిల్లులు ఒక్కోటీ తీస్తున్నారు. కొన్నిటి మీద పార్టీ పేరుంది. కొన్నిటి మీద ‘మేస్త్రి, సింగ్‌నగర్’ అని మాత్రమే ఉంది. పొద్దున అరువు పట్టుకెళ్లిన పైపుల లెక్క బిల్లుబుక్కులో ఎక్కలేదు, ఓ అట్టముక్క వెనకాల పెన్సిలుతో రాసి ఉంది. ఫోన్‌పేలో పడింది చూడాలి, గల్లాలో నోట్లు లెక్కపెట్టాలి, రెండూ కలిపితే అమ్మకంతో సరిపోవాలి. సరిపోదు. మూడొందల నలభై తేడా. అదెక్కడ పోయిందో తేలేదాకా ఇంటికెళ్లబుద్ధి కాదు. ఇంతలో ఆడిటరుగారి ఆఫీసు నుంచి వాట్సాప్: ‘సార్, పర్చేజ్ బిల్లులు ఇంకా రాలేదు. రేపే లాస్ట్ డేట్.’

విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపుకైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుల షాపుకైనా ఈ వర్ణన అతికినట్టు సరిపోతుంది. ఆ కుర్చీలో కూర్చున్నాయన సామాన్యుడేమీ కాదు. మోటారు మోత విని ఏ కెపాసిటర్ పోయిందో చెప్పగలడు. ఏ మేస్త్రికి ఎంత అరువివ్వొచ్చో, ఎవరికి చిల్లిగవ్వ కూడా ఇవ్వకూడదో ఆయనకి కంఠతా వచ్చు. ముప్పై ఏళ్ల అనుభవమున్న ఆ మనిషి రాత్రి పదింటి దాకా కూర్చుని చేస్తున్న పని మాత్రం, బీకాం పాసైన ఏ పిల్లైనా మధ్యాహ్నం భోజనం చేసొచ్చి తీరిగ్గా చేసిపెట్టగలిగేది.

ఇలాంటి కుర్చీలు దేశంలో లెక్కలేనన్ని. లెక్క ఉన్నవే చెప్పుకుంటే, వ్యవసాయం, నిర్మాణరంగం కాకుండా, కంపెనీలుగా నమోదుకాని చిన్నాచితకా వ్యాపారాలు 7.34 కోట్లని 2023-24 కేంద్ర సర్వే తేల్చింది. వాటిలో పనిచేసేవాళ్లు 12.06 కోట్లు. భాగిస్తే ఒక్కో చోట సగటున ఇద్దరు కూడా లేరు. అంటే చాలా చోట్ల కొనేది, అమ్మేది, ఊడ్చేది, లెక్క రాసేది, నోటీసు వస్తే కంగారుపడేది ఒకే మనిషి. వాళ్ల సంగతి వేరు, వాళ్లకి అప్పగించడానికి మనిషే లేడు. ఈ కథనం ఇద్దరో ముగ్గురో ఆరుగురో పనివాళ్లుండీ, కాగితాల పని మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేకపోతున్న వాళ్ల గురించి.

నెలంతా తేదీలే

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. అంతకుముందు వ్యాట్ ఉండేది, కాకపోతే నెలకోసారి బిల్లుల సంచీ ఆడిటరుగారి బల్ల మీద పడేస్తే ఓ పనైపోయేది. ఇప్పుడు నెలంతా తేదీలే. టీడీఎస్ కోసినవాళ్లు 7లోపు కట్టాలి. జీతాల్లోంచి పట్టుకున్న వృత్తిపన్ను 10కి. అమ్మకాల వివరాలు చూపించే జీఎస్టీఆర్-1, 11కి. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించేవాళ్లకి 15. పన్ను కట్టి వేసే 3బీ, 20కి. టర్నోవర్ ఐదు కోట్ల లోపున్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి పెట్టుకోవచ్చు. 2021 జనవరి నుంచి ఆ వెసులుబాటు ఉంది. అయినా మూడు నెలల్లో మొదటి రెండు నెలల పన్ను మాత్రం ఏ నెలది ఆ తర్వాతి నెల 25లోగా కట్టాల్సిందే. 3బీ తేదీ దాటితే రోజుకు 50 రూపాయలు. వ్యాపారమేమీ జరగకపోయినా 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. సరుకు విలువ 50 వేలు దాటి బండెక్కిందంటే ఈ-వే బిల్లు. మధ్యలో 2025 సెప్టెంబరు 22న వచ్చినట్టు శ్లాబులే మారిపోతే, కంప్యూటర్లో ఉన్న ఐటమ్‌లన్నిటికీ రాత్రికి రాత్రి కొత్త రేట్లు.

వీటిలో ఓనరు తెలివితేటలు కోరే పని ఒక్కటీ లేదు. కావాల్సిందల్లా క్రమం తప్పని మనిషి. మొక్కుబడి పనులు కదా, ఎప్పుడో ఒకప్పుడు చేసేద్దాంలే అంటే మాత్రం డబ్బు పోతుంది. ఎలా పోతుందో ఒకటి దగ్గర్నుంచి చూద్దాం.

ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో 2బీ అనే స్టేట్‌మెంట్ తయారవుతుంది. మీకు సరుకమ్మినవాళ్లు మీ పేరున ఏయే బిల్లులు చూపించారో అందులో ఉంటుంది. అమ్మినవాడు చూపించని బిల్లు మీద కొన్నవాడికి క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నుని తాను కట్టేదాంట్లో తగ్గించుకునే వీలు) రాదన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మీరు లక్ష రూపాయల వైరు కొన్నారు. 18 శాతం లెక్కన 18 వేలు పన్ను కూడా ఇచ్చారు. హోల్‌సేల్ షాపులో ఎంట్రీ వేసే కుర్రాడు మీ జీఎస్టీ నంబరు వెయ్యకుండా, ఆ బిల్లుని మామూలు చిల్లర అమ్మకాల్లో కలిపేశాడు. వాడి పన్ను వాడు కట్టేశాడు, వాడికి ఏ నష్టమూ లేదు. మీ 18 వేలు మాత్రం గాల్లో ఉన్నాయి. ఈ సంగతి ఎవరికి తెలియాలి? 15వ తేదీన పర్చేజ్ ఫైలు ఒకపక్క, 2బీ ప్రింటు ఒకపక్క పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో బిల్లూ టిక్కు పెట్టుకుంటూ పోయే మనిషికి. టిక్కు పడని బిల్లులు నాలుగుంటే నాలుగు ఫోన్లు: ‘అన్నా, 212 నంబరు బిల్లు మాకు చూపించలేదు, బీటూసీలో పడినట్టుంది, కాస్త సరిచేయించండి.’ రెండు గంటల పని. రాత్రి పదింటికి అలసిపోయి కూర్చున్న ఓనరు ఈ టిక్కులు పెట్టడు. పెట్టలేడు. మార్చిలో ఆడిటరుగారు చెప్పేదాకా ఆగుతాడు. అప్పటికి ఆ హోల్‌సేలరు ఫోనెత్తడం మానేసి ఉంటాడు.

‘నేను చేస్తే ఐదు నిమిషాలు’

మరెందుకు అప్పగించరు? అడిగితే ముందు జీతం మాట వస్తుంది. ఆ సాకు ఎక్కువసేపు నిలబడదు. పూర్తి రోజు మనిషే అక్కర్లేదు. సాయంత్రాలు నాలుగు షాపులు తిరిగి ఎంట్రీలు వేసిపెట్టే పార్ట్‌టైమ్ అకౌంటెంట్లు ఇప్పుడు ఓ మోస్తరు ఊళ్లన్నిటిలో ఉన్నారు. రెండో జవాబు, ‘నేను చేస్తే ఐదు నిమిషాలు, వాళ్లకి చెప్పేసరికి గంట’. మొదటి రోజుకి అది నిజమే. కానీ ఆ ఐదు నిమిషాలు రోజూ వస్తాయి, చెప్పే గంట ఒక్కసారే వస్తుంది.

అసలు కారణం గొంతు తగ్గించి చెబుతారు. గుట్టు. సరుకు ఎంతకి పడుతోందో, ఏ పార్టీ దగ్గర ఎంత ఇరుక్కుందో, నెలాఖరుకి ఎంత మిగులుతోందో పనివాళ్లకి తెలియడం ఇష్టం ఉండదు. రేట్లన్నీ నేర్చుకుని ఎదురుగానే షాపు పెడతాడని భయం. పెట్టేవాళ్లు లేకపోలేదు. కానీ అలా పెట్టినవాడు సాధారణంగా కౌంటర్లో నిలబడి కస్టమర్ని పట్టుకున్న సేల్స్ కుర్రాడై ఉంటాడు. కంప్యూటర్ ముందు కూర్చుని వోచర్లు కొట్టే అమ్మాయి కాదు. అనుమానం ఒకరి మీద, తాళం ఇంకొకరికి.

ఇంకో కారణాన్ని ఎవరూ పైకి చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్పేయడమే మంచిది. బిల్లు లేకుండా జరిగే ‘జీరో’ వ్యాపారం ఎంతో కొంత ఉన్నచోట లెక్కలు ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఆ లెక్క రాసిన రోజు నుంచి గుమస్తా ఉద్యోగి హోదా దాటిపోతాడు. తప్పు చేసినా తిట్టలేం, మానేస్తానంటే పంపలేం. రాత్రి పదింటి దాకా ఒంటరిగా కూర్చునే ఓనర్లలో కొందరి అసలు సమస్య ఇదే. దీనికి మందు మనిషిని పెట్టుకోవడంలో లేదు. ముందు ఆ జీరో మానుకోవాలి.

నిజానికి మన బజార్లకి గుమస్తా కొత్తేమీ కాదు. ధాన్యం కొట్లలో, బట్టల కొట్లలో రోజువారీ చిట్టా రాయడం, దాన్ని పార్టీలవారీగా ఆవర్జాలోకి ఎక్కించడం గుమస్తా పని. షావుకారు పొద్దు వాలాక వచ్చి నిలవ ఎంతో చూసి, గల్లాతో సరిపోయిందో లేదో అడిగేవాడు. రాసేవాడొకడు, చూసేవాడొకడు. కంప్యూటర్ వచ్చాక ఈ ఏర్పాటు ఇంకా గట్టిపడాలి, చిత్రంగా తారుమారైంది. బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా అనే వ్యాపారి తన లెక్కలకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ గోయెంకాని రాయమన్నారు. 1986లో అలా పుట్టిందే టాలీ. లెక్కలు రాయడం అంత తేలికయ్యేసరికి, గుమస్తా ఎందుకు దండగ, నేనే కొట్టుకుంటాలే అన్న ధీమా ఓనర్లకి వచ్చేసింది. షావుకారు వెళ్లి గుమస్తా కుర్చీలో కూర్చున్నాడు. షావుకారు కుర్చీ ఖాళీ.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు, 1914లో మద్రాసు చేరి దాన్ని దినపత్రిక చేశారు, 1924లో భారతి పెట్టారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. బామ్ సీసాల లెక్క రోజూ రాత్రి తానే రాసుకునే మనిషైతే వీటిలో ఎన్ని జరిగేవో!

ఇంట్లో ఉన్న గుమస్తా

చాలా కుటుంబాల్లో అప్పగింత ఎప్పుడో జరిగిపోయింది, ఇంటి వైపు. బిల్లుల కవరు ఇంటికొస్తుంది. పిల్లల హోంవర్క్ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద ఆవిడ ఎంట్రీలు కొడుతుంది. ‘ఏమండీ, ఈ పన్నెండు వందలు దేనికిచ్చారు?’ అంటే, ‘ఏదో ఒకటి వేసెయ్’ అని సోఫాలోంచి జవాబు. ఆయనగారు నలుగురిలో ‘లెక్కలన్నీ మా ఆవిడే చూసుకుంటుంది’ అని గొప్పగా చెబుతారు. జీతం లేదు, సెలవు లేదు, చెక్కు మీద సంతకం పెట్టే హక్కు లేదు. నోటీసు వస్తే మాత్రం మాట పడాల్సింది ఆవిడే. ఆమెకి ఆ పని ఇష్టమై, వ్యాపారంలో వాటాతో, బ్యాంకు ఖాతాలో అధికారంతో చేస్తే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అలా కాకుండా రాత్రుళ్లు పడేసే ఈ పనిని అప్పగింత అనలేం. భారం ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారిందంతే.

ఇదే ఇళ్లలో ఇంకో విచిత్రం. కొడుకు హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేస్తాడు. అమెరికాలో ఎక్కడో ఉన్న డాక్టరుగారి ఇన్సూరెన్స్ క్లెయిములు రాసి, తిరస్కరించినవి మళ్లీ పంపి, డబ్బు వచ్చిందో లేదో సరిచూసే మెడికల్ బిల్లింగ్ ఉద్యోగం. పేషెంట్లని చూడటం మానేసి ఆ కాగితాలు తాను రాయడం దండగని ఆ డాక్టరుకి తెలుసు. అందుకే సముద్రాలవతల ముఖం కూడా చూడని కుర్రాడికి ఇచ్చాడు. ఆ కుర్రాడి నాన్న అదే రాత్రి నరసరావుపేటలో షట్టరు సగం దించుకుని మూడొందల నలభై తేడా వెతుకుతుంటాడు.

వేసేదొకరు, పాస్ చేసేదొకరు

బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్లు మీ వీధిలో ఒకరైనా ఉంటారు. అడిగి చూడండి. కౌంటర్లో క్లర్కు ఎంట్రీ వేస్తాడు, లోపల కూర్చున్న ఆఫీసరు పాస్ చేస్తాడు. ఎంట్రీ వేసినవాడే పాస్ చేయడానికి వీల్లేదు. ముక్కూమొహం తెలియని మనుషులతో కోట్లు చేతులు మారే చోట ఈ ఒక్క పద్ధతి మీదే బండి నడుస్తోంది. నమ్మకం సంగతి తర్వాత. చిన్న షాపుకి కావాల్సిందీ ఇదే. బిల్లు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం, 2బీకి టిక్కులు పెట్టడం, పార్టీలకి బాకీ గుర్తుచేయడం, ఈ-వే బిల్లు తీయడం ఇంకొకరి పని. డబ్బు బయటికెళ్లే చోట ‘సరే’ అనడం మాత్రం ఓనరు పని. ‘మనిషి నమ్మకస్తుడేనా’ అన్న ప్రశ్నతో నెలలు గడిపేకన్నా, నమ్మకం అవసరం లేకుండా ఎంత పని ఇవ్వగలం అని ఆలోచిస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

ఏర్పాట్లు కూడా కష్టమైనవి కావు. కరెంట్ ఖాతాకి బ్యాంకులు రెండు లాగిన్‌లిచ్చే నెట్‌బ్యాంకింగ్ ఇస్తున్నాయి. ఒకరు చెల్లింపు నమోదు చేస్తారు, రెండోవారు ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. టాలీలో ఎవరికి ఏం కనపడాలో విడివిడిగా పెట్టొచ్చు. అమ్మకాలు కొట్టే మనిషికి లాభనష్టాల పట్టిక కనపడాల్సిన పని లేదు, కాబట్టి గుట్టు బాధ సగం అక్కడే తీరుతుంది. ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే ఎడిట్ లాగ్ కూడా ఉంది. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి చట్టం ప్రకారం అది తప్పనిసరి. సొంత వ్యాపారులకి తప్పనిసరి కాదు, అయినా పెట్టుకుంటే పోయేదేం లేదు.

వెంటనే మానాల్సిన అలవాటు ఒకటుంది. ఊరెళ్తూ నాలుగు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి డ్రాయర్లో పడేసి వెళ్లడం. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన చెక్కుని పట్టుకున్నవాడు నింపుకోవచ్చని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షనే అంటోంది. గుమస్తాకి లాభనష్టాల పట్టిక చూపించడానికి జంకే మనిషి, సంతకం పెట్టిన చెక్కులు వదిలి తిరుపతి వెళ్లొస్తాడు!

తర్వాత కాగితం. నోటితో చెప్పిన పని నోటిదగ్గరే ఆగిపోతుంది. కంప్యూటరు పక్కన గోడకి అంటించే ఒక్క కాగితం చాలు, అదీ మనం మాట్లాడుకునే తెలుగులో. ‘ఒక మనిషికి ఒక రోజులో పదివేలు దాటి నగదు ఖర్చు ఇవ్వొద్దు, ట్యాక్సులో ఒప్పుకోరు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవద్దు, ఎవరిచ్చినా సరే. కొత్త పార్టీకి అరువు రాయాలంటే నన్నడగాలి. బిల్లు లేకుండా సరుకు దిగితే గోడౌన్లో పెట్టొద్దు, లారీ అతన్ని కూర్చోబెట్టి ఫోన్ చెయ్యి. 14 తర్వాత 2బీ. అనుమానం వస్తే ఎంట్రీ ఆపి పసుపు స్లిప్పు పెట్టు.’ ఇంతే. ఈ కాగితం రాయడానికి కూర్చుంటే ఓనరుకే ఓ సంగతి తెలిసొస్తుంది, ఈ పనిలో తనకే స్పష్టంగా తెలియని నియమాలు ఎన్నున్నాయో.

అప్పగించాక ఓనరు రోజూ చూడాల్సింది కొంచెమే. గల్లా నిలవ, బ్యాంకు నిలవ, రేపు ఇవ్వాల్సినవి, 45 రోజులు దాటిన బాకీలు. వారానికోసారి ఫైల్లోంచి కళ్లు మూసుకుని ఐదు బిల్లులు లాగి, కంప్యూటర్లో సరిగ్గా పడ్డాయో లేదో చూడటం. ఐదే. ఏ ఐదు లాగుతారో ఆ మనిషికి తెలియదు కాబట్టి అన్నీ సరిగ్గా పడతాయి. ధర, అరువు, మనుషుల్ని పెట్టుకోవడం, ఈ మూడు మాత్రం ఎన్నటికీ ఎవరికీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. అరువు గుమస్తా చేతికిచ్చిన షాపు ఏడాది తిరక్కుండా వసూళ్ల ఆఫీసైపోతుంది.

ఓటీపీ చెప్పండి సార్

అసలేమీ అప్పగించనివాళ్లు ఒకరకమైతే, మొత్తం ఆడిటరుగారి ఆఫీసు మీద వదిలేసినవాళ్లు ఇంకోరకం. లాగిన్ వాళ్ల దగ్గరే, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే, డిజిటల్ సంతకం ఉండే ఆ పెన్‌డ్రైవ్ లాంటిది కూడా వాళ్ల డ్రాయర్లోనే, ఇంకో యాభైమందివాటితో కలిసి రబ్బరు బ్యాండులో. ఓనరు చేసేదల్లా 20వ తేదీ సాయంత్రం కౌంటర్లో బేరం మధ్యలో ఫోనెత్తి ఆరంకెలు చదవడం. ‘ఓటీపీ చెప్పండి సార్.’ ‘రాస్కో... నాలుగు, ఏడు, సున్నా...’ ఆ ఆరంకెలూ ఆయన సంతకం. దేనికింద పెట్టారో చూడలేదు.

ఇక్కడ చట్టం చాలా సూటిగా ఉంది. రిటర్ను జీఎస్టీ ప్రాక్టీషనర్ వేసినా, అందులోని వివరాల బాధ్యత మాత్రం వ్యాపారిదేనని సీజీఎస్టీ చట్టం 48వ సెక్షన్ చెబుతోంది. ‘మా ఆడిటరు వేశాడండీ, నాకేం తెలీదు’ అన్న మాట అధికారి ముందు చెల్లదు. చేయాల్సింది పెద్దదేమీ కాదు. 18వ తేదీకల్లా రిటర్ను సారాంశం ఒక పేజీ పంపమనాలి. అందులో మూడంకెలు చూడాలి. నెల అమ్మకం మన లెక్కతో సరిపోయిందా, తీసుకున్న క్రెడిట్ 2బీని దాటిందా, నగదుగా కట్టేది ఎంత. చూశాకే ఓటీపీ. పోర్టల్లో ప్రాక్టీషనర్‌ని అధికారికంగా జతచేసుకునే ఏర్పాటుంది, వద్దనుకుంటే తొలగించే వీలూ ఉంది. సొంత పాస్‌వర్డు పంచిపెట్టాల్సిన పనే లేదు. నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం ఓనరువే ఉండాలి. ఆడిటరు ఆఫీసు కుర్రాడి మెయిల్ ఇచ్చి, వాడు ఉద్యోగం మారాక నోటీసులెక్కడికి వెళ్తున్నాయో తెలియని షాపులున్నాయి.

ఆవకాయలో చేయి, అడ్రసులో కాదు

షాపుల సంగతి ఇలా ఉంటే, ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లది వేరే తంటా. గోదావరి జిల్లాల్లో ఆవకాయ, మాగాయ, సున్నుండలు చేసి ఊరూరా, విదేశాలకీ పంపేవాళ్లని తీసుకోండి. గల్లా లేదు, షట్టరు లేదు, అంతా వాట్సాప్. డాలస్‌లో ఉన్న అమ్మాయికి తెల్లారేసరికి ఇక్కడ చీకటి పడుతుంది. ‘ఆంటీ, రెండు కేజీలు ఆవకాయ, కారం తక్కువ, మా అత్తగారికి వెల్లుల్లి లేకుండా ఒక కేజీ విడిగా’ అని వాయిస్ మెసేజ్. దాని కింద అడ్రసు ఫొటో. ఆ కింద డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్. మధ్యలో ఇంకెవరిదో ‘మా పార్సిల్ ఎక్కడుందండీ?’ చేతికి నూనె, ఫోనుకి నూనె. ముక్కలు ఆరాయో లేదో చూడాల్సిన మనిషి కొరియర్ నంబరు వెతుకుతోంది.

ఆ పచ్చడి రుచి ఆమె చేతిలో ఉంది. పిన్‌కోడ్‌లో లేదు. వాట్సాప్ బిజినెస్‌లో ఒకే నంబరుని ఇంకో నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు కాబట్టి, పక్కింటి డిగ్రీ పిల్ల మధ్యాహ్నం రెండు గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు. ‘కొత్త ఆర్డర్’, ‘డబ్బు పడింది’, ‘ప్యాకింగ్’, ‘వెళ్లిపోయింది’ అని నాలుగు లేబుళ్లు. రోజూ పదిమంది అడిగే ప్రశ్నలకి ముందే రాసిపెట్టిన జవాబులు. సాయంత్రానికి ఒక తెల్లకాగితం మీద వంటింట్లోకి ఇన్ని కేజీలు, ఇన్ని వెల్లుల్లి లేనివి. ‘డబ్బు పడింది’ లేబుల్ పెట్టే ముందు మాత్రం ఒక నియమం కచ్చితంగా ఉండాలి, స్క్రీన్‌షాట్ చూసి కాదు, ఖాతాలో చూసి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. కిరాణా కొట్లలో ఈ చూసే పనిని సౌండ్‌బాక్స్ ఎప్పుడో తీసుకుంది. ‘నూట ఇరవై రూపాయలు అందాయి’ అని తెలుగులో అరిచే ఆ డబ్బా రాకముందు, చేతిలో తూకం ఆపి ప్రతిసారీ ఫోన్ మెసేజ్ చూసుకునేవాళ్లు. మన చిన్న కొట్లు పెట్టుకున్న మొదటి గుమస్తా అదేననాలి, పైగా దాన్ని ఎవరూ అనుమానించలేదు!

‘ఆంటీతోనే మాట్లాడతాం’ అనే పాత కస్టమర్లు కొందరుంటారు. వాళ్లని ఆంటీకే ఉంచాలి. వాళ్లు పచ్చడితోపాటు పలకరింపు కూడా కొనుక్కుంటున్నారు. మిగతావాళ్లకి పార్సిల్ వేళకి చేరితే చాలు, జవాబు ఎవరిచ్చారన్నది పట్టదు.

నేర్పడానికి కూడా వేళ ఉండాలి. మామిడికాయ బజార్లోకి దిగాక ఏప్రిల్లో మనిషిని పెట్టుకుని నేర్పుతానంటే ఇద్దరూ ఏడుస్తారు. జనవరిలో, రోజుకి నాలుగు ఆర్డర్లు వచ్చే రోజుల్లో మొదలుపెట్టాలి. బట్టల షాపుకి దసరా ముందు, అందరికీ మార్చిలో ఈ ప్రయోగాలు పనికిరావు. రిటర్ను వేసేసిన మర్నాడు, అంటే 21వ తేదీ, చిన్న షాపుకి నెలలో కాస్త ఊపిరాడే రోజు. ఆ రోజు ఒక్క పని ఇవ్వండి, కొనుగోలు బిల్లుల ఎంట్రీ. అమ్మకాలు కాదు, బ్యాంకు కాదు. కొనుగోలు బిల్లులు ఎలాగూ 2బీతో సరిపోవాలి కాబట్టి, తప్పు జరిగినా వచ్చే 14న బయటపడుతుంది. రెండు నెలలు అలా నడిచాక రెండో పని. మొదటి నెల తప్పులు వస్తాయి. ఓనరు చేసినప్పుడూ వచ్చేవి, కాకపోతే అప్పుడు పట్టుకునేవాడు లేడు. రెండో కన్ను పడ్డాక ‘ముందు ఇన్ని తప్పులు లేవే’ అనిపించేది అందుకే. చిరాకుపడి ‘ఇటివ్వు, నేనే చేసుకుంటా’ అని మౌస్ లాక్కుంటే అక్కడితో అంతా మొదటికొస్తుంది. ఆ అమ్మాయి ఇంకెప్పుడూ సొంతంగా ఒక్క ఎంట్రీ వెయ్యదు. ప్రతిదీ వచ్చి అడుగుతుంది.

గుమస్తా సెలవు పెట్టాలి

ఏళ్లపాటు ఒక్కరోజు కూడా సెలవు పెట్టని గుమస్తాని చూసి ఓనర్లు మురిసిపోతారు. బ్యాంకులు మాత్రం అలాంటివాణ్ని చూసి జాగ్రత్తపడతాయి. కీలకమైన సీట్లలో ఉన్న ఉద్యోగుల్ని ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, కనీసం పది పనిదినాలు ఒకే విడతలో సెలవు మీద పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ రోజుల్లో వాళ్లు ఆఫీసు పని ముట్టుకోకూడదు. కారణం తెలిసిందే. లెక్క మార్చేవాడు రోజూ ఆ మార్పుని కాపాడుకుంటూ ఉండాలి. సీట్లో ఇంకొకరు కూర్చుంటే పది రోజుల్లో ఎక్కడో ఒకచోట దారం ఊడుతుంది. ఇందులో అనుమానమొక్కటే లేదు, ముందుచూపూ ఉంది. ఆ మనిషికి రేపు పెళ్లి కుదరొచ్చు, టైఫాయిడ్ రావొచ్చు, మంచి ఉద్యోగం రావొచ్చు. పాస్‌వర్డులు, పార్టీల ఫోన్ నంబర్లు, ఏ ఫైలు ఏ అరలో ఉందో ఒక్క బుర్రలోనే ఉంటే, ఓనరుకి పాత జబ్బే కొత్త మనిషి రూపంలో తిరగబెట్టినట్టు.

చిన్న షాపుకి పది రోజులు ఎక్కువనుకుంటే సంక్రాంతికి ఐదు రోజులు జీతంతో పంపండి. అయితే ఆ ఐదు రోజులూ ఆ సీట్లో ఓనరు కూర్చోకూడదు. గోడమీద కాగితం చూసుకుంటూ కౌంటరు కుర్రాణ్ని కూర్చోబెట్టాలి. అతనికి ఎక్కడ అడ్డంపడితే అక్కడ ఆ కాగితంలో ఇంకో లైను చేర్చాలి.